అద్దానికి అవతలి ఎండ

అక్టోబరు 8, బుధవారం

నోరు మూసుకోమన్నారు. చెయ్యి మూసుకోమని ఎవరూ అనలేదు. అందుకని రాస్తున్నాను.

పొద్దున్న టీ గ్లాసు చేతికిస్తూనే మా ఆవిడ ఆర్డరు వేసింది. "ఏవండీ, అమ్మాయి కాళ్ల సంగతి వీధిలో ఎవరి చెవినా వెయ్యకండి. కొన్నాళ్లు మీ రేడియో కట్టెయ్యండి."

వీధిలో నా పేరే రేడియో. ఇంటింటికీ తిరిగి కిటికీలకు అద్దాలు బిగించిన రోజుల్లో ఈ ఇంటి కబురు ఆ ఇంట్లో, ఆ ఇంటి కబురు ఈ ఇంట్లో చెప్పేవాణ్ణి. ఆ పని నేను మానేశాను గాని ఆ పేరు నన్ను మానలేదు. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆవిడ అంటుంది. అంటే అననీ, నిజమే కదా.

అయినా అమ్మాయికి ఏమైందని? కాళ్ల నొప్పులు. రోజంతా కూర్చుని చేసే పని, నొప్పులు రాక ఏమొస్తాయి.

అక్టోబరు 9

ఇవాళ బాగానే ఉంది.

అక్టోబరు 12, ఆదివారం

అమ్మాయీ అల్లుడూ ఉండేది మా నెత్తిమీదే, పై వాటాలో. దానిది రఫూ పని. చిరిగిన కోటు, ఎలుక కొట్టిన శాలువా, నిప్పురవ్వ పడిన పట్టుబట్ట, ఏదిచ్చినా ఆ బట్టలోంచే పోగు లాగి, రంగుకు రంగు, నేతకు నేత కలిపి అల్లేస్తుంది. చిరుగు ఎక్కడుండేదో బట్ట సొంతదారుడే వెతుక్కోవాలి. ఆ పనికి దీపం వెలుతురు పనికిరాదు. దీపం కింద నల్లదారమూ ముదురునీలం దారమూ అక్కచెల్లెళ్లలా కనిపిస్తాయి. పగటి వెలుతురే కావాలి. వీధి దుమ్ము మాత్రం పడకూడదు.

అందుకే పై బాల్కనీకి మూడువైపులా నేనే అద్దాలు పెట్టి ఇచ్చాను. పుట్టీ పట్టించి, అంచుల వెంట చెక్కబద్దలకు మేకులు కొట్టి, చీమ దూరకుండా బిగించాను. నా జన్మలో అంత మంచి పని ఇంకొకటి చెయ్యలేదు. పొద్దు పొడిచింది మొదలు గదినిండా ఎండే. అందులో మహారాణిలా కూర్చుని అది సూది ఆడిస్తుంటే, వీధిలోంచి తలెత్తి చూసుకుని మురిసిపోవడం నాకు అలవాటు.

ఇవాళ పీటమీంచి లేవబోయింది. లేవలేకపోయింది. ముందు నేలమీద చేతులు ఆనించి, తర్వాత మోకాళ్లమీద, ఆ తర్వాత తొడలమీద ఆనించి, తన ఒంటిని తనే ఎక్కుతున్నట్టు మెల్లగా లేచింది. నేను చూడలేదనుకుంది. నేనూ చూడనట్టే ఉన్నాను.

నడక కూడా అటూ ఇటూ ఊగుతోంది. "ఏంటే, బాతులా నడుస్తున్నావ్?" అన్నాను నవ్వుతూ.

"బాతుకి ఈతన్నా వచ్చు నాన్నా, నాకు అదీ రాదు" అంది.

మాటల్లో నా కూతురే. అలా మాట్లాడుతోందంటే ఏమీ లేనట్టే.

అక్టోబరు 21, మంగళవారం

డాక్టరు దగ్గరికి వెళ్లాం. గుమ్మం బయటే మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. "లోపల కథలు చెప్పకండి. ఆయన అడిగితేనే, ఒక్క మాటలో."

అలాగే చేశాను. చేసి చూపించాను! డాక్టరు కాళ్లు నొక్కాడు, మోకాళ్లమీద చిన్న సుత్తితో కొట్టాడు, తిండి అడిగాడు, నిద్ర అడిగాడు. "ఎండ తగులుతుందా అమ్మా?" అన్నాడు. అమ్మాయి నోరు తెరిచేలోగా నేనే అన్నాను, "రోజంతా ఎండలోనే ఉంటుందండీ." అంతే. ఇంకొక్క ముక్క అనలేదు. డాక్టరు తల ఊపి వేరే ప్రశ్నలోకి వెళ్లిపోయాడు.

బయటికి వచ్చాక మా ఆవిడ, "చూశారా, పొట్టిగా చెప్పినా పని జరుగుతుంది" అని మెచ్చుకుంది. పెళ్లయ్యాక నన్ను మెచ్చుకున్న సందర్భాల్లో ఇదొకటి.

కండరాల జబ్బేమోనని డాక్టరుకు అనుమానమట. కండరాలు కరిగిపోయే జబ్బులు కొన్ని ఉంటాయట. పెద్ద డాక్టరుకు చూపించమన్నాడు. ఆ పెద్దాయన దొరికేది వచ్చే నెలాఖరుకు.

ఏమో అన్నాడు. అనుమానమన్నాడు. అవునని ఎక్కడన్నాడు?

అక్టోబరు 22

కరిగిపోవడం ఏమిటి. మనిషేమన్నా మైనమా.

అక్టోబరు 30, గురువారం

ఇవాళ అమ్మాయికి టీ ఇవ్వడానికి పైకి వెళ్లాను. ఒళ్లో ఎవరిదో గోధుమరంగు కోటు ఉంది. సూది ఆపి, నా వైపు చూడకుండా అడిగింది.

"నాన్నా, కుర్చీకి చక్రాలు బిగించడం వచ్చా నీకు?"

"దేనికే?"

"ఊరికే. అద్దాలు బిగించావు కదా, చక్రాలు ఎంతలే అని."

నవ్వాను. అదీ నవ్వింది. మెట్లు దిగి వచ్చేశాను.

నవంబరు 1

నవంబరు 2

రాయడానికి ఏమీ లేదు.

నవంబరు 4, మంగళవారం

ఇవాళ బాగానే ఉంది. మెట్ల మధ్యలో కూర్చుండిపోయింది, అంతే. అల్లుడు దాన్ని ఎత్తుకుని పైకి తీసుకెళ్లాడు. అతనికి బేకరీలో రాత్రి పని, పగలంతా నిద్ర. నిద్రలోంచి లేచి వచ్చి, ఒక్క మాట లేకుండా ఎత్తుకున్నాడు. అసలే మాట పొదుపు మనిషి. నేను వాడే మాటల్లో మిగిలినవి అతనికి ఇస్తే బాగుండునని వీధిలో అంటారు.

బాగానే ఉంది.

నవంబరు 10, సోమవారం

తుంటి దగ్గర నొప్పి ఎక్కువైతే ఎక్స్‌రే తీయించాం. తొడ ఎముకలో సన్నని గీత కనిపించిందట. పడలేదు, దేనికీ కొట్టుకోలేదు. ఊరికే కూర్చున్న మనిషి ఎముకలో గీత ఎలా వస్తుంది? ఎముకల డాక్టరు దగ్గరికి వెంటనే వెళ్లమన్నారు.

నా పని నాకు తెలుసు. అద్దం కొయ్యడానికి దానిమీద వజ్రపు మొన కలంతో గీత గీస్తాం. పైకి ఏమీ కాదు, అద్దం అద్దంలాగే ఉంటుంది. కాస్త వంచితే సరిగ్గా ఆ గీత దగ్గరే పుటుక్కుమంటుంది.

ఈ మాట ఎవరితోనూ అనలేదు. రేడియో కట్టేసే ఉంది.

నవంబరు 12, బుధవారం

ఎముకల డాక్టరమ్మ దగ్గరికి నలుగురం వెళ్లాం. నా వయసుకు కూతురిలా ఉంది, తలలో అప్పుడే రెండు తెల్లవెంట్రుకలు. గుమ్మం దగ్గర మళ్లీ అదే ఆర్డరు. "ఒక్క మాటలో."

డాక్టరమ్మ కూడా అదే అడిగింది. "ఎండలో తిరుగుతారా?" ఈసారి అమ్మాయే చెప్పింది, ఎండలోనే కూర్చుని పని చేస్తానని. డాక్టరమ్మ మొహం చిట్లించింది. "విచిత్రంగా ఉందే" అని మళ్లీ ఎక్స్‌రే వైపు తిరిగింది.

విచిత్రమేముంది? నా కూతురి మాట నమ్మలేదా ఈవిడ? నాకు రోషం వచ్చింది. కట్ట తెగిపోయింది.

"అమ్మా, మా ఇంట్లో ఎండకు కరువు లేదమ్మా! అలాంటి ఎండ ఈ చుట్టుపక్కల ఏ ఇంట్లోనూ లేదు. నేను స్వయంగా చేసిన గది! మూడువైపులా నిలువెత్తు అద్దాలు..."

"ఏవండీ" అంది మా ఆవిడ, పళ్లబిగువున.

"ఉండవే, చెప్పనీ. ఒక్క బుడగ లేని అద్దం ఏరి తెచ్చాను..."

డాక్టరమ్మ కలం కిందపెట్టింది. "పెద్దాయనా, ఆగండి. ఎండ అద్దాల్లోంచి వస్తుందా?"

"అద్దాల్లోంచే!"

"అద్దాలు తెరుస్తారా?"

"తెరవడమా! తెరవడానికి వీల్లేకుండా బిగించానమ్మా. చీమ దూరదు."

"చీమే కాదు పెద్దాయనా," అంది డాక్టరమ్మ, "ఈ అమ్మాయికి కావలసింది కూడా దూరలేదు."

తర్వాత ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంత రాస్తాను. ఎండలో ఒక రకం కిరణాలుంటాయట. అవి చర్మానికి సూటిగా తగిలితే ఒంట్లో విటమిన్ డి తయారవుతుంది. మామూలు కిటికీ అద్దం వెలుతురును రానిస్తుంది, వేడిని రానిస్తుంది, ఆ కిరణాలను మాత్రం గుమ్మంలోనే ఆపేస్తుంది. ఆ విటమిను లేకపోతే మనం తిన్న కాల్షియం ఒంటికి పట్టదు. ఎముక మెత్తబడుతుంది, దానిమీద కండ నీరసపడుతుంది. లేవలేరు, మెట్లెక్కలేరు, నడక ఊగుతుంది.

"అమ్మాయి బయటికి ఎప్పుడన్నా వెళ్తుందా?"

"బట్టలన్నీ నేనే తెచ్చి నేనే ఇచ్చి వస్తానండీ" అన్నాడు అల్లుడు. అతను అంత పొడుగు వాక్యం చెప్పగా నేను వినలేదు.

"రక్తపరీక్ష చేస్తే తేలిపోతుంది" అంది డాక్టరమ్మ. "అదే అయితే మంచి కబురే."

ఇంటి ముందు ఆటో దిగుతూ మా ఆవిడ అంది, "మొదటి డాక్టరు దగ్గర కూడా వాగి ఉండాల్సింది మీరు."

అబ్బా! బయటివాళ్లెవరైనా సాక్షి ఉంటే బాగుండేది.

నవంబరు 13

అదే అయితే.

నవంబరు 14

అదే అయి ఉండాలి. అదే అయితే మంచి కబురన్నారు. అదే.

నవంబరు 15, శనివారం

అదే! అదే! అదే!

విటమిన్ డి అడుగంటిపోయిందట. కండరాలు కరిగే జబ్బు కాదు. కాదంటే కాదు! డాక్టరమ్మ కాగితం చూసి ముందు నవ్వింది, తర్వాత చెప్పింది. నవ్వు చూసేసరికే నాకు ప్రాణం లేచొచ్చింది.

"తగ్గుతుందా అమ్మా?" అన్నాను.

"తగ్గుతుంది."

"తగ్గుతుందంటే, కాస్తా? పూర్తిగానా?"

"పూర్తిగా లేచి తిరుగుతుంది. నెలలు పడుతుంది, ఓపిక పట్టాలి."

"అంటే, మెట్లు..."

"మెట్లు ఎక్కుతుంది పెద్దాయనా."

"ఎవరూ పట్టుకోకుండా?"

"మిమ్మల్నే పట్టుకుని ఎక్కిస్తుంది."

ఆవిడ చేతులు పట్టుకుని కళ్లకు అద్దుకున్నాను. మా ఆవిడ ఏడుస్తూ నన్ను తిట్టింది. ఎందుకు తిట్టిందో ఆవిడకూ తెలియదు. అమ్మాయి మాత్రం బల్లమీది డబ్బాలోంచి కాగితం రుమాలు తీసి, ముందు వాళ్లమ్మకు ఇచ్చి, తర్వాత నాకు ఇచ్చి, ఆఖరిది తనే మొహంమీద కప్పుకుని, దాని కిందే ఉండిపోయింది. అల్లుడు వరండాలోకి వెళ్లి గోడకు నుదురు ఆనించి "అమ్మయ్య" అన్నాడు. ఈ ఏడాదికి అతని మాటల కోటా అయిపోయి ఉంటుంది.

మందు వారానికి ఒక్కసారి. "రోజూ వేస్తే తొందరగా తగ్గదా అమ్మా?" అని అడిగితే డాక్టరమ్మ గట్టిగా చెయ్యి అడ్డం పెట్టింది. ఎక్కువైతే అదీ విషమేనట, మూత్రపిండాలు పాడవుతాయట. సరే, వారానికి ఒకటే. కాల్షియం బిళ్లలు వేరే. పాలు, గుడ్లు, చేపలు. రోజూ కాసేపు బయటి ఎండ, చేతులకూ కాళ్లకూ తగిలేలా, మాడిపోయేలా కాదు.

రేడియో విప్పెయ్యొచ్చా అని అడిగాను. మా ఆవిడ ముక్కు తుడుచుకుంటూ, "ఫుల్ సౌండు పెట్టండి" అంది.

నవంబరు 16, ఆదివారం

పొద్దున్నే పనిముట్ల సంచి తీసుకుని పైకి వెళ్లాను. అన్ని అద్దాలూ పీకి పారేద్దామని. బద్ద కింద ఉలి పెట్టానో లేదో, అమ్మాయి అరిచింది.

"నాన్నా! ఏం చేస్తున్నావ్?"

"పీకేస్తున్నా. నా చేత్తో నేనే నీకు..."

"నువ్వేం చేశావ్? దుమ్ము వద్దన్నాను, దుమ్ము రాకుండా చేశావ్. ఈ శాలువా మీద దుమ్ము పడితే దాని సొంతదారుకు నువ్వు చెప్తావా సమాధానం? ఉలి కింద పెట్టు."

పెట్టాను. మీసం వచ్చినప్పటి నుంచి ఈ పనే చేస్తున్నాను, అద్దం ఏది ఆపుతుందో ఏది ఆపదో నాకు తెలియలేదు. చినుకును ఆపుతుంది, గాలిని ఆపుతుంది, పిట్టను ఆపుతుంది అనుకున్నాను. ఎండ మాత్రం మన చుట్టమేననుకున్నాను, ఎప్పుడైనా వచ్చి పోతుందని. డాక్టరమ్మ కూడా అంది, ఈ సంగతి చాలామందికి తెలియదట. గదినిండా వెలుతురు ఉంటే ఎండలో ఉన్నట్టే అనుకుంటారట.

చివరికి అమ్మాయే తీర్పు చెప్పింది. ఒక్కవైపు అద్దాలకు మాత్రం మడతబందులు వేసి తలుపుల్లా చేశాను. రోజూ మధ్యాహ్నం కాసేపు పని ఆపి, బట్టలన్నీ పెట్టెలో పెట్టి, ఆ వైపు బార్లా తెరిచి కూర్చుంటుంది. తెరిచీ తెరవగానే వీధి గోలంతా లోపలికి దూకింది. కుర్తా చేతులు మోచేతులదాకా మడిచి, కాళ్లు చాపి, కళ్లు మూసుకుని అంది, "నాన్నా, ఇది వేరే ఎండ."

నవంబరు 24, సోమవారం

డాక్టరమ్మ ఇంట్లో అందరినీ పరీక్ష చేయించుకోమంది. ఒక ఇంట్లో ఒకరికి ఉంటే మిగతావాళ్ల సంగతీ చూడాలట. పగలు పడుకుని రాత్రి పని చేసేవాళ్లు, గడప దాటనివాళ్లు, వయసు మళ్లినవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు, పసిపిల్లలు, అందరికీ తక్కువయ్యే అవకాశం ఉందట. ఎముక నొప్పులంటూ తన దగ్గరికి వచ్చేవాళ్లలో సగంమందికి ఇదేనంది.

ఫలితాలు వచ్చాయి. అల్లుడికి తక్కువ. అర్థమవుతోంది, అతను సూర్యుణ్ణి చూసేది సెలవునాడే. మా ఆవిడకు ఇంకా తక్కువ. నాకు?

నాకు భేషుగ్గా ఉంది!

డాక్టరమ్మే ఆశ్చర్యపోయింది. "ఈ వయసులో ఇంత బాగుంది, ఏం చేస్తారు పెద్దాయనా?"

నేను గొంతు సవరించుకునేలోగా మా ఆవిడ అంది, "ఏం చేస్తారు, పొద్దున్న గడప దాటితే వీధిలో నిలబడి కబుర్లు. పిలిచినా రారు."

"మానకండి" అంది డాక్టరమ్మ.

విన్నావా! డాక్టరు రాసిచ్చిన కబుర్లు ఇవి ఇకమీదట! ఇంటికి వచ్చేదాకా నవ్వు ఆపుకోలేకపోయాను. అమ్మాయి అయితే పొట్ట పట్టుకుని నవ్వింది. "అమ్మా, నువ్వు కూడా నాన్న పక్కన నిలబడు. మందు ఖర్చు తగ్గుతుంది" అంది. మా ఆవిడ మూతి మూడు వంకర్లు తిప్పింది. సాయంత్రం చూస్తే నా కంటే ముందు వీధి అరుగుమీద కూర్చుని ఉంది.

డిసెంబరు 3, బుధవారం

ప్రసారాలు జోరుగా సాగుతున్నాయి. మూలనున్న దర్జీకి చెప్పాను, ఎదురింటి పంతులమ్మకు చెప్పాను. ఆవిడకు నడుంనొప్పి అంటే, "అమ్మాయి మందు పేరు చెప్తాను, తెచ్చి వేసేసుకోండి" అన్నాను. అది పైనుంచి వినేసింది.

"నాన్నా! పరీక్ష చేయించుకోమని మాత్రం చెప్పు. మందులు నువ్వు రాయకు!"

కాళ్లు ఇంకా కుదురుకోలేదు గాని చెవులు మాత్రం పాము చెవుల్లా పనిచేస్తున్నాయి.

డిసెంబరు 17

తేడా ఏమీ కనిపించడం లేదు. మందు వేస్తూనే ఉన్నాం.

డిసెంబరు 18

ఇవాళ కాస్త బాగా నడిచినట్టు అనిపించింది. అనిపించడం కాదు, నడిచింది.

డిసెంబరు 19

నడవలేదు. మెట్ల కమ్మీ పట్టుకుని ఆగిపోయింది. నెలలు పడుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది కదా. చెప్పింది. నెలలంది, వారాలనలేదు. నేనే తొందరపడుతున్నాను.

మా ఆవిడ అంది, "మొక్క వేసి రోజూ పీకి వేరు చూసుకునే రకం మీరు." ఇవాళంతా పైకి వెళ్లలేదు. కిందనుంచి అడుగుల చప్పుడు మాత్రం విన్నాను.

జనవరి 20, మంగళవారం

మళ్లీ ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ రెండు ఫిల్ములూ వెలుతురు పెట్టెమీద పక్కపక్కన పెట్టి నన్ను దగ్గరికి పిలిచింది. "మీ కళ్లు అద్దాలు చూసిన కళ్లు కదా పెద్దాయనా, గీత ఎక్కడుందో చూపించండి."

పాతదాంట్లో చూపించాను. కొత్తదాంట్లో వెతికాను. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ వెతికాను. ఉందా అంటే ఉంది, నీడలాగా. అమ్మాయి రఫూ చేసిన చోటులాగా.

అద్దంమీద పడిన గీతకు మందు లేదు. నా అనుభవమంతా అదే. గీత పడితే ముక్క మార్చాల్సిందే. మరి ఎముక! ఎముక తనంతట తనే పోగు లాగి అల్లుకుంటోంది! ఇన్నాళ్లూ నా కూతుర్ని అద్దమనుకుని భయపడ్డాను. అది అద్దం కాదు. అద్దం కానే కాదు!

నొప్పి సగం తగ్గిందని ఇవాళ తనే చెప్పింది. ఇన్నాళ్లూ నేను అడగడమే గాని, తనంతట తను చెప్పడం ఇదే మొదలు.

ఫిబ్రవరి 14, శనివారం

పీటమీంచి లేచింది. చేతులు దేనికీ ఆనించలేదు! ఒక చేతిలో సూది, ఇంకో చేతిలో కోటు. లేచాక గాని తనకూ తెలియలేదు. చేతుల వైపు చూసుకుంది, నా వైపు చూసింది.

"మళ్లీ లే" అన్నాను.

కూర్చుని లేచింది.

"మళ్లీ."

"నాన్నా, నేనేమన్నా బొమ్మనా?" అంది. అని మళ్లీ లేచింది.

కిందికి దిగి మా ఆవిడకు చెబుదామంటే రేడియో మొరాయించింది. చేతులతోనే చూపించాను, ఇలా కూర్చుంది, ఇలా లేచింది అని. నేను వంటింటి నేలమీద కూర్చున్నానే గాని లేవలేకపోయాను. మా ఆవిడ, అల్లుడు చెరో చెయ్యి పట్టి లేపారు.

మార్చి 9, సోమవారం

ఇవాళ అమ్మాయి రఫూ చేసిన ఒక శాలువా ఇచ్చి రావడానికి తనే బయల్దేరింది. బజారు చివర దుకాణం. అల్లుడు ఇంకా పడుకునే ఉన్నాడు. "నువ్వూ వస్తావా నాన్నా?" అంటే చెప్పుల్లో కాళ్లు దూర్చాను. తోడుగా ఉందామని, కాలు తడబడితే పట్టుకుందామని. మా ఆవిడ గుమ్మంలోంచి, "దాన్ని జాగ్రత్తగా తీసుకెళ్లండి" అని మరీ మరీ చెప్పింది.

వీధి మొగదాకా పక్కపక్కనే నడిచాం. కబుర్లు చెబుతున్నాను. నా పని అదే కదా. దర్జీ దుకాణం దాటేసరికి అది రెండడుగులు ముందుంది. నేనూ అడుగు పెంచాను. నా మోకాళ్లు కిర్రుమన్నాయి. మందుల దుకాణం దగ్గరికొచ్చేసరికి మా మధ్య సైకిలు పట్టేంత చోటు, ఆ తర్వాత బండి పట్టేంత చోటు. నడక ఊగడం లేదు. భుజంమీద శాలువా మూట, చకచకా పోతోంది.

"ఆగవే! ముసలివాణ్ణి!" అని అరిచాను.

వెనక్కి తిరిగింది. ఆగలేదు, తిరిగి నడుస్తూనే అంది, "నువ్వు మెల్లిగా రా నాన్నా, వాళ్లు కొట్టు కట్టేస్తారు!" అని మలుపు తిరిగింది. ఇక కనబడలేదు.

నడిరోడ్డుమీద నిలబడిపోయాను. ఒక సైకిలువాడు గంట కొట్టి తప్పుకుపోయాడు. కూరల సంచితో వెళ్తున్న ఒకావిడ నా మొహం చూసి జాలిపడి ఆగింది.

"ఏం తాతగారూ, ఎవరైనా వదిలేసి వెళ్లిపోయారా?"

"అవునమ్మా!" అన్నాను, ఉన్న పళ్లన్నీ బయటపెట్టి. "మా అమ్మాయి! నన్ను వదిలేసి వెళ్లిపోయింది!"